తూము మీద అమ్మవారు

జూలై 9
కాలవకి నీళ్లొచ్చాయి. తూము దగ్గరకెళ్లి పసుపు, కుంకుమ, గుప్పెడు పూలు వదిలి దణ్ణం పెట్టుకున్నాను. ఈ కాలవ నాకు తల్లే. పామర్రు దాటాక శివారు పొలాలు మావి, బోరు వేస్తే ఉప్పునీళ్లు... అన్నం పెట్టేది ఇదొక్కటే. కాలవ నిండుగానే పోతోంది. మా తూములోంచి మాత్రం ఏడుపుగొట్టు ధార. నారుమడి అప్పుడే నెర్రెలిస్తోంది.

జూలై 10
తూము ముందు కమ్మీల్లో చెయ్యి పెట్టి లాగాను. అన్నీ క్యారీ బ్యాగులే, ముడి మీద ముడి. విప్పితే పూజ చేసి తీసేసిన పూలు కుళ్లిపోయి — వక్కలు, అగరొత్తుల డబ్బాలు, అద్దం పగిలిన లక్ష్మీదేవి పటం, ఇంకో రెండు మూడు పటాలు. ఒక కవరు మీద విజయవాడ గవర్నర్‌పేట బట్టల కొట్టు పేరు. దేవుడి పూలు కాలి కింద పడకూడదని నీళ్లలో కలుపుతారు, సరే. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టాక ఇంక కలిసేదేంటి? ముక్కుకి కొంగు కట్టుకుని అన్నీ లాగేశాను.
మడిలోకి నీళ్లెక్కాయి. హమ్మయ్య.
పూలన్నీ కొబ్బరిమొక్కల మొదట్లో పాతేశాను. పటాలు మాత్రం... చెత్తలో పడెయ్యడానికి నాకూ చెయ్యి రాలేదు. తూము గోడకి ఆనించి వచ్చేశాను.

జూలై 11
మా ఆయనకి ఫోన్ చేశాను. విజయవాడలో కొట్లో ఉన్నారు.
"మన కొట్లో పాత పటాలు ఏం చేస్తారండీ?"
"కాలవలో కలుపుతాం. ఏం?"
"కవర్లో కట్టా?"
"మరి బస్సులో చేత్తో పట్టుకుపోతామా?"
పెట్టేశాను. పుణ్యం ఆయనకి, నడుం నొప్పి నాకు.

జూలై 15
పటాలకి ఎవరో బొట్లు పెట్టారు. పోన్లే అనుకున్నాను.

జూలై 17
కొబ్బరికాయలు కొడుతున్నారు. చిప్పలన్నీ మళ్లీ కమ్మీల్లో. తీశాను.

జూలై 20
ఆదివారం. దారినపోయే ఆటోలు కూడా ఆగుతున్నాయి. శేషగిరి బాబాయ్ అక్కడే నిలబడి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు — అమ్మవారు ఎదురీది వచ్చిందిట! ఈయన పొలానికీ నా పొలానికీ తూము ఒక్కటే. చెత్త అడ్డంపడి ఆయన మడీ ఎండుతోంది.
"బాబాయ్, అవి నేను పెట్టిన పటాలు. చెత్తలోంచి తీసి పెట్టాను."
"నీ చేత పెట్టించిందెవరనుకున్నావమ్మాయ్?"
కమ్మీల్లో చిప్పలు తీసేసి వచ్చేశాను.

జూలై 22
వాన జాడ లేదు.

జూలై 23
పూజలవాళ్లు తూము తలుపు దించేశారు, మడికి నీళ్లు బంద్! నీళ్ల జోరుకి గట్టు కోసుకుపోయి పటాలు జారిపోతున్నాయిట. తలుపు ఎత్తే ఇనుప చక్రానికి ఎర్రగుడ్డ చుట్టి, ముడేసి, కుంకుమ పూశారు. నీళ్లిచ్చే అమ్మకి నీళ్లు తగలకూడదన్నమాట. నవ్వొచ్చింది, తర్వాత మండుకొచ్చింది. ఎత్తండి అని అరిచాను. "పూజ జరుగుతోందమ్మా, చెప్పులతో రాకండి" అంది ఒకావిడ. ఆవిడెవరో కూడా నాకు తెలీదు. నా తూము!
బకెట్లతో కాలవలోంచి తోడి మడికి పోశాను. మడి తాగేసింది. అంతే.

జూలై 25
శ్రావణ శుక్రవారం. తూము దగ్గర తిరనాళ్లు. పసుపు చీరలు, పులిహోర, ప్రసాదం ప్లాస్టిక్ కప్పుల్లో. తిన్న కప్పులు కాలవలోకే. నేనూ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని వెళ్లాను. పూజ అంటే నాకు పడదని ఎవరూ అనకూడదు కదా. ప్రసాదం కళ్లకద్దుకుని తిని, బాబాయ్‌ని పక్కకి పిలిచాను.
"నారు ఎర్రబడుతోంది. ఇది పోతే మళ్లీ పోసే అదను లేదు."
"శుక్రవారం పోనీ అమ్మా."
ఇసక కూడా తోలించారు. గుడి కడతారట, బాబాయే ముందుండి.
మా ఆయన ఫోన్‌లో — "నలుగురితో మనకెందుకు గొడవ?" ఆ నలుగురూ వచ్చి నా నారు తడుపుతారా?

జూలై 26
తెల్లారకుండానే కొడవలి పట్టుకుని వెళ్లాను. ముడి కోసి తలుపు ఎత్తేద్దామని. బాబాయ్ ముందే అక్కడ కూర్చునున్నాడు. ఒక్కడే. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఆయన మడి నారు, గుప్పెడు — ఎండిపోయింది.
నన్ను ఆపుతాడనుకున్నాను. ఆపలేదు.
"కోసెయ్యమ్మాయ్. పాపం నీకొక్కదానికే, నీళ్లు మనిద్దరికీ."
వేళాకోళం కాదు. నిజంగానే అన్నాడు. బతిమాలుతున్నాడు.
చాలా కోపమొచ్చింది. నారు పోతుందని అంత భయం ఉన్నవాడు గుడెందుకు కడతానన్నాడు? అంత భక్తి ఉన్నవాడికి పక్కన పారే తల్లి కనబడదా? తిట్టేద్దామని నోరు తెరిచి, చక్రం మీద చెయ్యేశాను. కుంకుమ అంటుకుంది. చెయ్యి వెనక్కి వచ్చేసింది — దానంతట అదే. బాబాయ్ చూశాడు.
గట్టు అవతల కాలవ నిండుగా పోతోంది.
ఇంటికొచ్చేశాను. చెయ్యి కడుక్కున్నాను. కొడవలి గుమ్మం దగ్గరే ఉంది. సాయంత్రం మళ్లీ వెళ్తాను. దణ్ణం పెట్టి కోస్తానో, దణ్ణం పెట్టి వచ్చేస్తానో...