నా బిళ్ళ నేనే తిప్పుతాను

నేను, గుద్రున్ హౌగెన్, కీర్తిశేషులు తోర్‌స్టెయిన్ హౌగెన్ భార్యను, వయసు డెబ్బై తొమ్మిది, స్వాల్బార్డ్ దీవుల్లో లాంగియర్‌బైన్ రేవున ఉన్న 'తెర్నె' అనే యాత్రానౌకకు ఏకైక యజమానురాలిని. ఆ నౌకలోని నా గదిలోనే కూర్చుని, నా సొంత చేతిరాతతో, స్వస్థచిత్తంతో రాస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ దీంతో రద్దు. నామీద ఒత్తిడి తెచ్చినవాళ్లు ఉన్నారు గానీ, వాళ్లు కోరింది ఇందులో ఎక్కడా లేదు.

స్వస్థచిత్తం అన్న మాట ఆనవాయితీగా రాయలేదు. నా ఒక్కగానొక్క కొడుకు స్వెర్రె, నిన్నమొన్నటిదాకా ఈ నౌకకు కెప్టెన్, అమ్మకు మతి తప్పింది, ఆమె వ్యవహారాలు చూడటానికి సంరక్షకుణ్ణి వేయండి అని అర్జీ పెట్టాడు. అది ఇంకా తేలలేదు. నెగ్గితే నా సంతకానికి విలువ పోతుంది, తెర్నె అమ్ముడైపోతుంది. కొనేవాళ్లు దాన్ని ట్రోమ్సో రేవులో తాళ్లతో కట్టేసి భోజనశాల చేస్తారట. కాబట్టి ముందు నా మతి సంగతి తేల్చి, తర్వాత ఆస్తి సంగతికి వస్తాను.

1. మా నౌకలో రబ్బరు పడవలు ఎక్కేచోట గోడకు ఒక చెక్కపలక ఉంటుంది. దానిమీద మనిషికో బిళ్ళ. ఒడ్డుకు వెళ్లేటప్పుడు ఎవరి బిళ్ళను వాళ్లు ఎర్రవైపుకు తిప్పాలి, తిరిగొచ్చాక తెల్లవైపుకు తిప్పాలి. మొగుడి బిళ్ళ పెళ్లాం తిప్పకూడదు, బిడ్డ బిళ్ళ తల్లి తిప్పకూడదు. పలక మొత్తం తెల్లబడితేగానీ లంగరు లేవదు. నేనూ తోర్‌స్టెయినూ నౌక కొన్న మొదటి వేసవి నుంచీ ఇదే నియమం.

కిందటి ఆగస్టులో హార్న్‌సుండ్ ఫ్యోర్డ్‌లో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, ఆగాం. ఎలుగుబంట్లకు కాపలా కాస్తున్న గైడుకు చెప్పే, ఒడ్డున ఉన్న పాత వేటగాళ్ల గుడిసెలోకి వెళ్లాను. ఇంతలో పొగమంచు దిగింది. యాత్రికులను హడావుడిగా పడవలెక్కించారు. గైడు రేడియోలో "గుద్రున్ గారు మొదటి పడవలో వచ్చేశారా?" అని నౌకవాళ్లను అడిగాడు. స్వెర్రె పలక చూశాడు. ఆఖరి పడవలో వస్తున్నవాళ్లవి కాక నా బిళ్ళ ఒక్కటే ఎర్రగా ఉంది. అమ్మ వచ్చి పడుకుని ఉంటుంది, తిప్పడం మర్చిపోయి ఉంటుంది అనుకుని తన చేత్తో తిప్పేశాడు. "ఆఁ, వచ్చేసిందిలే" అన్నాడు. లంగరు లేచింది.

నా గదికి సూపు తెచ్చిన వంటమనిషి ఆష్లాగ్ ఖాళీ మంచం చూసి పెట్టిన కేక ఇంజన్ గది దాకా వినపడిందట. వాళ్లు వెనక్కి వచ్చేసరికి నేను గుడిసె తలుపుకు అడ్డగడియ వేసుకుని, సముద్రం ఒడ్డుకు తోసిన కట్టెలతో పొయ్యి వెలిగించుకుని, మేజోళ్లు ఆరబెట్టుకుంటున్నాను. నడిచివస్తానని బయల్దేరలేదు, మంచులో అరుస్తూ తిరగలేదు. మతి తప్పినవాళ్లు చేసే పనులేనా ఇవి?

స్వెర్రె గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనే తిప్పానమ్మా. నువ్వు మర్చిపోయావనుకున్నా" అన్నాడు. ఆష్లాగ్ విన్నది, ఇంజనీరు ఐలిఫ్ విన్నాడు. అర్జీలో మాత్రం 'తల్లి దారి మరచి ఒడ్డున ఉండిపోయినది' అని ఉంది. వాడు అబద్ధాలకోరు కాడు. ఆ రోజు భయపడ్డాడు, ఆ భయం ఇంకా దిగలేదు, అంతే. ఆ భయం నాకు తెలుసు. అలాగని దానికి నా నౌకను బలి ఇవ్వలేను.

2. చట్టం పిల్లలకు తప్పనిసరి చేసిన వాటా జోలికి నేను పోలేదు. ట్రోమ్సోలోని ఇల్లు, దాని కిందున్న పడవల షెడ్డు, బ్యాంకులో ఉన్నదంతా నా తదనంతరం స్వెర్రెకు సర్వహక్కులతో చెందుతాయి. ఇంటి వెనకవైపు కప్పు వానకు కారుతుంది. మూడు వేసవులుగా బాగుచేయిస్తానంటున్నాడు. ఇకనుంచి తన నెత్తిమీదే కారుతుంది.

3. తెర్నె నౌకను, దాని ఇంజన్లు, పడవలు, వంటపాత్రలు, బిళ్ళల పలకతో సహా, ఆష్లాగ్ నీగార్డ్‌కూ ఐలిఫ్ బక్కెన్‌కూ చెరిసగం రాస్తున్నాను. షరతులు ఇవి. యాత్రికులు ఇరవై నలుగురికి మించకూడదు. రేపు ఎక్కడికి వెళతామో ముందుగా అచ్చువేసి పంచకూడదు, మంచు ఎటు దారిస్తే అటే వెళ్లాలి. ఒకసారి ఒకాయన మా కరపత్రం పట్టుకుని "ఇందులో తిమింగలం బొమ్మ ఉంది, ఇక్కడేదీ?" అని నిలదీశాడు. "దానికి మేం టికెట్ అమ్మలేదు బాబూ, దాని ఇష్టం" అన్నాను. తిక్కముసలిది అని పక్కవాడితో అన్నాడు. మర్నాడు హిమానీనదం ముందు ఇంజన్లు ఆపేసి అందరం ఊరుకున్నప్పుడు, మంచులో బందీ అయిన గాలి బుడగలు చిటపటమంటుంటే, టోపీ తీసి నిలబడ్డది ఆయనే. తెర్నె ఉన్నది అందుకు. ఏ ఒడ్డునా శాశ్వతంగా కట్టెయ్యడానికి వీల్లేదు.

4. నా నౌకకు దీపాల తోరణాలు కట్టి, దాని కడుపులో చేపలు వేయించి అమ్ముదామనుకున్న పెద్దమనుషులకు ఏమీ రాయడం లేదు. రేవులో నిలబడి చూడొచ్చు.

5. నా ఊలు దుప్పటి, గోధుమరంగు జున్ను కోసే పీట ఆష్లాగ్‌కు. వానలో తడిసి వచ్చిన నాకు ఏనాడూ "ఈ వయసులో ఎందుకక్కా" అనకుండా, "ముందు ఆ బూట్లు విప్పు, నేల పాడుచేస్తున్నావు" అన్న మనిషి ఆమె ఒక్కతే. ఐలిఫ్‌కు నా రేడియో. దాన్ని తిట్టకుండా వాడాలి.

6. స్వెర్రెకు విడిగా. మీ నాన్న దుర్భిణీ నీది. పై డెక్కు మీది గది నీ పేరున ఎప్పుడూ ఖాళీగా ఉండాలని, నువ్వు అడిగిన రోజున చుక్కాని నీకే ఇవ్వాలని ఆ ఇద్దరి చేతా ఒప్పించాను. "నువ్వు ఎక్కితే నేను నడపను" అన్నావు. రేపటి యాత్రకు వేరే కెప్టెన్‌ను పెట్టుకున్నాను. బాగానే నడుపుతాడు గానీ, హార్న్‌సుండ్‌లో అడుగున ఎక్కడ రాయి ఉందో నీకు తెలిసినంత వాడికి తెలియదు. ఒరేయ్, నన్ను బతికించుకోవాలని ఇంట్లో పెట్టి తాళం వేస్తే, నీ దగ్గర మిగిలేది నేను కాదు. నీమీద నాకు కోపం ఉంది. ప్రేమ అంతకంటే చాలా ఉంది. రెండూ ఇక్కడ రాతపూర్వకంగా ఇస్తున్నాను.

7. నేను ఈ యాత్రలోనే పోతే నౌకను వెనక్కి తిప్పకూడదు. మిగతావాళ్లు ధ్రువపు ఎలుగుబంటిని చూడటానికి వచ్చారు, నన్ను చూడటానికి కాదు. అడుగున చేపలుంచే చల్లగది ఉంది. ఆష్లాగ్‌ను అడిగితే, "కాడ్ చేపల పక్కన పడుకోబెడతానక్కా, గొణగకూడదు మరి" అంది. ఒప్పుకున్నాను. తర్వాత అధికారులు అనుమతి ఇస్తే బూడిదను ఫ్యోర్డ్‌లో కలపండి. ఇవ్వకపోతే తోర్‌స్టెయిన్ పక్కన పెట్టండి, అక్కడా నాకు కష్టమేమీ లేదు.

8. రేపు పొద్దున తెర్నె బయలుదేరుతుంది. నేను అందులో ఉంటాను. దీన్ని అడ్డుకోవాలనుకున్నవాళ్లు ఎవరైనా ఈ లోపు నా ఎదుటికి వచ్చి, నా కళ్లలోకి చూసి, మతి లేదని చెప్పాలి.

ఇది నాకు పూర్తిగా తెలిసి, సమ్మతించి రాసినది.

లాంగియర్‌బైన్ రేవు, 2018 జూన్ 11
(సంతకం) గుద్రున్ హౌగెన్

సాక్షులం ఇద్దరమూ ఒకేసారి ఎదురుగా ఉండగా ఆమె దీన్ని పైకి చదివి సంతకం చేసింది. ఇందులో మాకు ఏ వాటా లేదు.

(సంతకం) తూర్‌బెన్ సోల్బక్, రేవు కాపలాదారు

(సంతకం) డాక్టర్ మరెన్ ఊస్, ట్రోమ్సో. స్వెర్రె హౌగెన్ పెట్టిన అర్జీ మీద ఈమె మతిని పరీక్షించడానికి వచ్చిన వైద్యురాలిని. ఎదుటికి వచ్చాను. కళ్లలోకి చూశాను. సాక్షి సంతకం చేస్తున్నాను.