అత్తగారి మడుగు

ఏప్రిల్ 22

వానలు తగ్గాయి. తూనీగలు దిగాయి. కింది మడుగులో పెట్టిన మొసళ్ల బోను నెల రోజులుగా ఖాళీ, అంటే నీళ్లలో మొసలి లేనట్టే. దారిలో విరిగిన చెక్కమెట్లు కూడా బాగుచేయించాను. ఇక ఆగలేకపోయాను. టూర్ కంపెనీలన్నిటికీ ఈమెయిల్ కొట్టాను, మే 20న ఈతకు మడుగు తెరుస్తున్నాం, బస్సులు పంపుకోండి అని. డార్విన్ సిటీలో మా హెడ్డాఫీసుకు కాపీ పెట్టాను. ఇరవై నిమిషాల్లో శభాష్ అని జవాబొచ్చింది. ఈ పార్కులో టూరిస్టుల వ్యవహారం నా చేతికొచ్చి పదేళ్లు. వాళ్లు దేనికీ ఇంత తొందరగా జవాబివ్వగా చూడలేదు.

సాయంత్రం తలకు సబ్బు రాసుకుంటుంటే గుర్తొచ్చింది. డాఫ్నీ ఆంటీని అడగలేదు.

ఏప్రిల్ 23, ఉదయం 10:30

కాగితాల మీద పార్కు ఇద్దరిది, ప్రభుత్వానిదీ, ఇక్కడి నేల సొంతదారులైన ఆదివాసులదీ. నిజానికి నేల వాళ్లది, కాగితాలు మావి. బోర్డుకు పెద్ద డాఫ్నీ ఆంటీ. కింది మడుగు ఆవిడ పుట్టింటివాళ్లది. ఫిబ్రవరిలో ఆవిడ తమ్ముడు పోయాడు. పోయినవాళ్ల పేరు ఇక్కడెవరూ పలకరు, అందుకే నేనూ రాయను. మడుగును చూసుకునేది ఆయనే. ఆయనవాళ్లు వచ్చి, పచ్చి కొమ్మలు కాల్చి పొగ పెట్టేదాకా అటు ఎవరూ అడుగుపెట్టకూడదు. ఇదంతా నాకు తెలుసు. మూడు నెలలు చాలవా అనుకున్నాను. చాలని ఎవరు చెప్పారు? నా గోడ క్యాలెండరు.

రోజూ పదింటికి ఆఫీసు వరండాలో ఆవిడతో టీ తాగడం పదేళ్ల అలవాటు. ఇవాళ నీళ్లు నములుతూ విషయం చెప్పాను. ఆవిడ టీలో నాలుగో చెంచా చక్కెర వేసుకుని, దున్నపోతులు మళ్లీ విమానాల మైదానంలోకి వస్తున్నాయయ్యా నెవిల్, ఆ కంచె సంగతి చూడకూడదూ అంది. మరి మడుగు అన్నాను. చూద్దాంలే అంది.

ఏప్రిల్ 30

ఎప్పుడాంటీ అని అడగడం ఇవాళ్టికి పదకొండోసారి. అడగందే అమ్మయినా పెట్టదన్నది నా సిద్ధాంతం. ఆవిడ కప్పు తీసుకుని బెంచీ అటు చివరకు జరిగింది. నేనూ జరిగాను. నీకు నోరు నొప్పెట్టదా నెవిల్ అని అడిగింది. నా మీద అభిమానంతో అడిగిందనుకున్నాను.

మే 2

ఇవాళ ఎగిరి గంతేశాను. రెక్స్ నన్ను తమ్ముణ్ణి చేసుకున్నాడు!

రెక్స్ మా రేంజర్లందరికీ పెద్ద. అరవై దాటాయి. మోకాళ్లు పోయాయి కానీ ఎకసెక్కాలు పోలేదు. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక స్కిన్ ఉంటుంది, అంటే వరస. అది తెలిస్తే ఎవరికి ఎవరు ఏమవుతారో చిటికెలో తేలిపోతుంది. ఊళ్లో కుక్కలకు కూడా ఉంది. లేనిది నాకొక్కడికే. నా వెనక వచ్చిన నర్సమ్మకు ఆరు నెలల్లో ఇచ్చేశారు. అడగలేక, ఊరుకోలేక పదేళ్లు లోపల్లోపల కుళ్లుకున్నాను. ఇవాళ వర్క్‌షాపులో టయరు మారుస్తూ రెక్స్ పిలిచాడు. ఒరేయ్ ఇటు రా, ఈ నట్టు పట్టుకో, ఇవాళ్టి నుంచి నువ్వు నా తమ్ముడివి, నా స్కినే నీదీ అన్నాడు. అంతే. నట్టు అడిగినంత తేలిగ్గా అన్నాడు. నాకు ఏడుపొచ్చి టయరు వెనక ముఖం దాచుకున్నాను.

మే 3, ఉదయం 10:05

ఆంటీకి ముందుగా చెప్పాలని వరండాకు పరుగెత్తాను. నన్ను చూడగానే ఆవిడ కప్పు అక్కడే వదిలేసి, తల మీద తువ్వాలు కప్పుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. డెబ్బై రెండేళ్ల మనిషి. అంత జోరుగా నడవగలదని నాకు తెలియదు.

10:40

ఆవిడ కొడుకు లారెన్స్ మా కౌంటర్లో టికెట్లిస్తాడు. వాడు పొట్ట పట్టుకుని నవ్వుతూ విప్పి చెప్పాడు. రెక్స్ పెళ్లాం ఎవరు? డాఫ్నీ ఆంటీ కూతురు. అంటే రెక్స్ ఆవిడకు అల్లుడు. రెక్స్ తమ్ముణ్ణి కాబట్టి నేనూ అల్లుణ్ణే. ఇక్కడ అత్తా అల్లుడూ మాట్లాడుకోరు. ఒకరి ముఖం ఒకరు చూడరు. ఎదురుపడితే పక్కకు తప్పుకుంటారు. అదే మర్యాద. రెక్స్ ముప్ఫై నాలుగేళ్లుగా అత్తగారితో ఒక్క ముక్క మాట్లాడలేదు, ఆయనంటే ఆవిడకు ప్రాణం. అదీ సంగతి బావా అన్నాడు లారెన్స్.

బావా! నిన్నటిదాకా బాస్ అన్నవాడు!

మే 20కి పదిహేడు రోజులున్నాయి. మడుగు తెరవమని చెప్పగలిగింది ప్రపంచంలో ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషితోనే నేను మాట్లాడకూడదు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ముందు దానం చేసేసి తర్వాత అల్లుడైనవాణ్ణి నేనొక్కణ్ణే.

మే 6

కొట్టుకు పిండి కోసం వెళ్లి అరల మలుపు తిరిగితే ఎదురుగా ఆవిడ. ఎటు పోవాలో తోచక పక్కనున్న ఫ్రీజరు తలుపు తీసి తల లోపల పెట్టాను. ఆవిడ బిస్కెట్లు ఎంచుకోవడం మొదలుపెట్టింది. తీరిగ్గా. ఒక్కో ప్యాకెట్టూ కదిపి చూసి, ధర చదివి, మళ్లీ పెట్టేసి. ఆ కొట్లో ఉన్నవి మూడే రకాలు. చెవులు రెండూ కొయ్యబారిపోయాయి.

మే 9

బోర్డు మీటింగు. రెక్స్ హాలు బయట కిటికీ కింద కుర్చీ వేసుకున్నాడు, అనుభవం అలాంటిది. నేను స్లయిడ్లు చూపించాలి కాబట్టి లోపలే ఉండాలి. నన్ను వైట్‌బోర్డు వెనక కూర్చోబెట్టారు. మధ్యలో లారెన్స్.

నేను పావుగంట మాట్లాడాను. టూరిస్టుల లెక్కలు, కంపెనీలకిచ్చిన మాట, పార్కు పరువు, అన్నీ ఏకరువు పెట్టాను. లారెన్స్ అంతా విని అటు తిరిగి, బావ ఇంకా మడుగు దగ్గరే ఉన్నాడమ్మా అన్నాడు. ఆవిడ వాళ్ల భాషలో పది నిమిషాలు మాట్లాడింది. మధ్యలో అందరూ గొల్లుమన్నారు. ఒకసారి ఎవరో ముక్కు చీదారు. పదేళ్లున్నా నాకు ఆ భాషలో చేపా, నీళ్లూ, తిట్లూ తప్ప రావు. లారెన్స్ ఇటు తిరిగి, చూద్దాంలే అంటోంది అన్నాడు.

అంతేనా అన్నాను. అంతే బావా, మిగతాది నీకక్కర్లేదు అన్నాడు.

మే 12

రెక్స్‌ను పట్టుకుని కడిగేశాను. నువ్వేం అన్నవయ్యా, నా కొంప ముంచావు కదా అని. రెక్స్ మోకాలికి మందు రాసుకుంటూ, అల్లుడి పని అడగడం కాదురా, పెట్టడం అన్నాడు. చేప పట్టు, బాతు కొట్టు, తీసుకెళ్లి ఆవిడ కంచె దగ్గర పెట్టు, వెనక్కి చూడకుండా వచ్చెయ్ అన్నాడు.

సరే అని ఫ్రీజరులో ఉన్న సాసేజీలు రెండు ప్యాకెట్లు కంచె మీద పెట్టి వచ్చాను. సాయంత్రం ఆవిడ వసారాలో కూర్చుని కుక్కతో చెబుతోంది, అదీ ఇంగ్లీషులో, వీధంతా వినబడేలా. చూశావటే, ఊళ్లో అందరి అల్లుళ్లూ బారమండి చేపలు మోసుకొస్తారు, మన చిన్నల్లుడు ప్లాస్టిక్ తెచ్చాడు, తినవే తల్లీ, మన రాత ఇంతే అని.

వీధంతా నవ్వారు. నర్సమ్మ కూడా.

మే 14

బారమండి, డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు. దాని కోసం నాలుగు గంటలు దోమలకు విందయ్యాను. కంచె దగ్గర పెట్టి వచ్చేశాను. ఆవిడ కుక్కతో ఏమీ అనలేదు.

మే 15

ఇంకోటి పట్టాను. పెట్టి తిరిగి వస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. ఇవాళ కుక్కతో చాలాసేపు మాట్లాడింది. చెట్టు చాటున ఆగిపోయాను.

ఆ పోయినాయన ఆవిడకు ఎనిమిదేళ్లు చిన్నట. ఆయనకు ఈత నేర్పింది ఈవిడే, ఆ మడుగులోనే. ఆయన కూతుళ్లిద్దరూ సముద్రం వైపు ఊళ్లో ఉన్నారు. మధ్యలో నది ఇంకా రోడ్డు మీదే పారుతోంది. వాళ్లు రాకుండా పొగ పెడితే తండ్రి ఆ నీళ్ల దగ్గరే తిరుగుతూ ఉండిపోతాడు, పాపం, ఇంటికి పోలేడు. నది ఎప్పుడు తగ్గుతుందో నాకేం తెలుసే, నదికి క్యాలెండరుందా అంది.

పదకొండుసార్లు అడిగాను. ఒక్కసారి కూడా, ఎలా ఉన్నావాంటీ, తమ్ముడు గుర్తొస్తున్నాడా అని మాత్రం అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మే 17

డార్విన్ నుంచి మా పెద్దాయన ట్రెవర్ ఫోన్. సొంతదారులు అడ్డుపడుతున్నారని ఒక్క లైను రాసి పంపు నెవిల్, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. నెల కిందటైతే రాసి ఉండేవాణ్ణే. ఎందుకు అబద్ధం, రెండు లైన్లు రాసేవాణ్ణి.

ఇవాళ ఇలా రాశాను. తప్పు నాది. అడగాల్సినవాళ్లను అడగకుండా తేదీ చెప్పాను. 20న మడుగు తెరవడం లేదు. ఎప్పుడో తెలియదు, నది తగ్గాలి.

మళ్లీ ఫోన్ చేశాడు. అయితే నీ ఉద్యోగం సంగతి కూడా ఎప్పుడో తెలియదు అన్నాడు. నాకు యాభై మూడేళ్లు. ఇక్కడ కాక నాకు ఇల్లంటూ ఎక్కడా లేదు.

మే 19

బాతులు రెండు.

మే 20

నాలుగు బస్సులూ వచ్చాయి. రావద్దని కబురు పెట్టినా వచ్చాయి. అందరికీ క్షమాపణలు చెప్పి చెదపుట్టలు చూపించాను. రెండు గంటలు. చెదల మీద రెండు గంటలు మాట్లాడగలనని నాకే తెలియదు. ఒక జర్మన్ పెద్దాయన మాత్రం పట్టుదలగా ఈత కళ్లజోడు పెట్టుకునే పుట్టలన్నీ చూశాడు.

మే 28

ప్రత్యేక మీటింగు. నా గురించి.

ట్రెవర్ టై కట్టుకుని విమానంలో దిగాడు. నెవిల్‌కు విశ్రాంతి అవసరం, డార్విన్‌లో కుర్చీ పని ఇస్తాం, బోర్డు ఒప్పుకుంటే చాలు అన్నాడు. నేను వైట్‌బోర్డు వెనక కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాను. బోర్డు సరేనంటే సోమవారానికి సామాను సర్దుకోవాలి.

డాఫ్నీ ఆంటీ గొంతు సవరించుకుంది. ఈసారి ఇంగ్లీషులోనే మాట్లాడింది.

చూడు ట్రెవర్, ఆ బోర్డు వెనకున్న మనిషికి బుర్ర తక్కువే, కాదనను. రోజూ ఎప్పుడు ఎప్పుడు అని నా ప్రాణాలు తోడేశాడు. తమ్ముడు పోయిన మనిషిని, టీ అయినా ప్రశాంతంగా తాగనివ్వలేదు. అందుకే నేనే కూతురి చేత రెక్స్‌కు కబురు పెట్టించి వాణ్ణి అల్లుణ్ణి చేయించాను. వాడి నోరు మూయించడానికి నాకు ఇంకో దారి దొరకలేదు.

హాలు విరగబడి నవ్వింది. కిటికీ కింద రెక్స్ అందరికంటే గట్టిగా నవ్వాడు, దుర్మార్గుడు. నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్లు ఎదురుచూసిన స్కిన్, టయరు వెనక కార్చిన కన్నీళ్లు, అన్నీ ఇందుకా అనిపించింది.

ఆవిడ ఆగలేదు. అయితే వరస వరసే, వేళాకోళానికి కలిపినా తెగదు అంది. నేను పోయాక గొయ్యి తవ్వాల్సింది నా అల్లుళ్లు. పెద్దల్లుడికి మోకాళ్లు లేవు. ఈ చిన్నాణ్ణి నువ్వు డార్విన్ పట్టుకుపోతే నన్నెవరు పాతిపెడతారు? నువ్వు తవ్వుతావా? ఆ టై కట్టుకుని?

ట్రెవర్ తన బూట్ల వైపు చూసుకున్నాడట. లారెన్స్ చెప్పాడు. చేతులెత్తమంటే అందరూ ఆవిడ వైపే ఎత్తారు. కిటికీలోంచి రెక్స్ రెండు చేతులూ ఎత్తాడు, ఆయనకు ఓటే లేదు.

నేను బోర్డు వెనక వెక్కివెక్కి ఏడ్చాను. పక్క నుంచి లారెన్స్ ఏదో గుడ్డ అందించాడు. అది వైట్‌బోర్డు తుడిచేది. సాయంత్రం దాకా నీలం ముఖంతోనే తిరిగాను, ఒక్కరూ చెప్పలేదు.

జూన్ 14

నది తగ్గింది. ఆయన కూతుళ్లు నిన్న వచ్చారు. పొద్దున్నే రెక్స్, నేను కొమ్మలు నరికి మోశాం, అంటే నేను మోశాను, రెక్స్ దారి చూపించాడు. పొగ మెట్ల మీద నుంచి దిగి నీళ్లంతా కప్పేసింది. ఆడవాళ్లు ఏడ్చారు. తర్వాత అంతా తేలిగ్గా అయిపోయింది, ఎవరో టీకి నీళ్లు పెట్టారు.

అప్పుడు ఆవిడ గట్టు చివర నిలబడి, నాకు వీపు పెట్టి, మడుగు వైపు గట్టిగా కేకేసి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేనేమీ అడగలేదు. లారెన్సే చెవిలో చెప్పాడు. నీ గురించే బావా, ఇన్నేళ్లూ నువ్వెవరో ఈ నీళ్లకు, ఇందులో ఉన్న మా పెద్దలకు ఎవరూ చెప్పలేదు కదా అన్నాడు. ప్రతి ఏడూ నేను చెప్పాపెట్టకుండానే దిగి ఈదాను.

వీడు మా చిన్నల్లుడు అంటోందట. ఉత్త వాగుడుకాయ, కానీ చేప బాగా పడతాడు. వస్తే రానివ్వండి. ఏమీ చేయకండి.

జూన్ 15, ఉదయం 6

నీళ్లు చల్లగా ఉన్నాయి. ఏదీ కరవలేదు.