తూముకి పైపలక

తాతయ్యా, నేను బాగానే ఉన్నాను, కోపమే తగ్గలేదు. ఫోన్‌లో నీకు సరిగ్గా వినపడదని హవాయి నుంచి ఈ కార్డు రాస్తున్నా.

ఆదివారం ఇక్కడ కుండపోత వాన. నేను పనిచేసే చోట, సముద్రదోసకాయలనే మెత్తటి సముద్రజీవాల్ని పెంచే చెరువుల్లో ఉప్పునీళ్ల మీద వాననీళ్లు మందంగా తేలాయి. మన ఊళ్లో రొయ్యల చెరువులకి నువ్వు చేసినట్టే, తూముకి పైపలక ఒక్కటి తీసి ఆ పైనీళ్లు వదిలేస్తుంటే ఓనర్ రవికాంత్ అంకుల్ పరిగెత్తుకొచ్చాడు. "మీటర్‌లో ఉప్పు కరెక్ట్‌గానే ఉంది, పలక పెట్టెయ్! హైస్కూల్ మధ్యలో మానేసినోడివి, నాకు నేర్పుతావా?" అని అందరి ముందు అరిచి, పలక మళ్లీ పెట్టించేశాడు. ఆ మీటర్ ఉండేది అడుగున, పైన ఏముందో దానికేం తెలుసు! తెల్లారి గాలికి నీళ్లన్నీ కలిసిపోయి, ఉప్పు తగ్గి సగం జీవాలు పేగులు కక్కేశాయి. నేను పలక తీయబట్టే పాడయ్యాయని నాన్నకి ఫోన్ చేశాడంట. నాన్న నన్నొక్క మాట అడక్కుండా ప్లేనోలో మనింటికి టికెట్ బుక్ చేశాడు.

నేను రాను. కదపకుండా ఉంచితే వాటికి పేగులు మళ్లీ మొలుస్తాయి. అంకుల్ అన్నీ తీసి పారేస్తానంటే చెరువు గట్టు మీద అడ్డం నిలబడ్డా. అవి మళ్లీ బురద మేసేదాకా ఇక్కడే ఉంటా.

కంట్లో చుక్కలు టైమ్‌కి వేస్తున్నారా? నా రబ్బరు బూట్లు గరాజ్‌లో ఉన్నాయి, పంపించమను. నీ కాళ్లకి దండం.

ఈ కార్డు నువ్వు కష్టపడి చదవొద్దు. నాన్న హాల్లో ఉన్నప్పుడు తారక్కని గట్టిగా చదవమను. పైపలక ఎందుకు తీస్తారో ఆ తర్వాత నువ్వు చెప్పు.

నీ నిశాంత్