నేను పీకని గునుగు

అమ్రోలి, సూరత్
సద్దుల బతుకమ్మ మరునాడు

చి.ల.సౌ. నీరజకు ఆశీస్సులతో రాస్తున్నది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బిడ్డ రుచిత, మీ అమ్మ బాగుంటే నాకు అంతకన్నా ఏం కావాలి. ఊరి నుంచి వచ్చిన తిరుమల చేత పంపిన నీ ఉత్తరం, గరిజెలు అందాయి. గదిలో పంచుకునేవాళ్లు లేరు, అన్నీ నేనే తిన్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వంట చేసుకుంటున్నాను. జ్వరం తగ్గింది. మగ్గం మానేశానని నీకెవరో చెప్పింది నిజమే. జూన్ నుంచి ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీలో లాన్ చూసుకునే పని చేస్తున్నాను. ఫోన్‌లో "ఊఁ, సరే" తప్ప నా నోట మాట రావడం లేదని, నీ మీద మనసు విరిగిందా అని అడిగావు. అది రాయడానికే కూర్చున్నాను, చేయి అటు పోవడం లేదు. ముందు గడ్డి సంగతి చెప్పనీ.

నవ్వకు. పదహారేళ్లు తెగిన పోగులు అతికినవాణ్ణి, ఇప్పుడు వంగి కలుపు తీస్తున్నాను. వానలకు లాన్‌లో గరిక కంటే తుంగ ముందు లేస్తుంది. మొదట్లో పైపైన తెంపేవాణ్ణి, వారానికల్లా మళ్లీ వచ్చేది. నేల తడిగా ఉన్నప్పుడు ఖుర్పీ లోతుగా దింపి గడ్డతో సహా తీయాలి. గడ్డిచామంతిని పువ్వు దూదిగా మారకముందే పీకాలి. వయ్యారిభామ దురద, దానికి చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుంటాను. గరికను మరీ కురచగా కోస్తే కలుపుకు మనమే చోటిచ్చినట్టు. ఇంత తెలిసినవాణ్ణి, గోడ పక్కన మొలిచిన, బతుకమ్మలో పేర్చే గునుగును మాత్రం పీకలేకపోయాను. పైగా నీళ్లు కూడా పోశాను.

సెక్రటరీ పరమేశ్‌భాయ్ చూశాడు. భుజం తట్టి, ఎదురుగా వచ్చి, ఈ పిచ్చిగడ్డి ఎందుకుంచావని అడిగాడు.

"ఉమాకాంత్‌భాయ్, యే జంగ్లీ ఘాస్ క్యూఁ రఖా హై?"

"జంగ్లీ నహీ సేఠ్, హమారే త్యోహార్ కా ఫూల్ హై."

విత్తనం రాలితే వచ్చే ఏడు లాన్ అంతా అదే ఉంటుందని, సాయంత్రంలోగా తీసేయమన్నాడు. తప్పు నాదే. నిన్న కోసి కట్టకట్టి, మనవాళ్లుండే పాత గల్లీలో వినోదక్కకు ఇచ్చాను.

"మంచిగ తెచ్చినవ్ తమ్మీ, ఈడ గునుగు యాడ దొరుకుతది. జర ఆగి సూసి పో" అని రెండుసార్లు చెప్పింది.

ఆగాను. ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు, పెదవులు కదులుతున్నాయి. పదడుగుల దూరంలో ఉన్నాను. పాట వినబడలేదు. నీ గొంతులో ఏటేటా విన్నదే అయి ఉంటుంది, ఏ పాటో పోల్చుకోలేకపోయాను. అంతమందిలో ఒంటరిగా నిలబడి ఏడ్చాను.

నీరజా, మరమగ్గాల మోతకు నా చెవులు పోయాయి. డాక్టర్ చెప్పి ఏడాదయింది. దగ్గరగా ముఖం చూస్తే మాట అందుతుంది, ఫోన్‌లో గరగర తప్ప ఏమీ తెలియదు. పక్కమగ్గం మనిషి అరిచినా వినబడక ఒకరోజు చేయి నలగబోయింది, అందుకే మానేశాను. నీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను. వాట్సాప్‌లో రాస్తే రుచిత ముందు చదువుతుంది.

"నువ్వు సరే అన్నంక ఇగ నేనేం మాట్లాడ" అని రాశావు. పోయిన నెల ఫోన్‌లో చాలాసేపు ఏదో అడిగావు. ఏడ్చావని కూడా అనిపించింది. నేను సరే అన్నాను. దేనికి సరే అన్నానో నాకు తెలియదు. ఏమడిగావో ఒక్కసారి కాగితం మీద రాయి.

ఇట్లు,
రుచిత బాపు
ఉమాకాంత్