అమ్మ పుట్టింటి పేరు

అక్టోబర్ 4, 1984
క్రెడిట్ కార్డు కనిపించడం లేదు. ఐసెలిన్‌లో చీరల కొట్టులో ఇచ్చినట్టు గుర్తు, తిరిగి తీసుకున్నట్టు గుర్తు లేదు. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేయమంటారు ఈయన. ఇంట్లోనే ఎక్కడో పడి ఉంటుంది... సరళకి మాత్రం చెప్పాను. "అయ్యో అక్కా, సరిగ్గా వెతుకు, దొరుకుతుందిలే."

అక్టోబర్ 6
సోఫా కింద లేదు. కారులోనూ లేదు. విసుగు.

అక్టోబర్ 15
ఉతకడానికి తీసిన స్వెట్టర్ జేబులో కార్డు! ఎగిరి గంతేశాను. ఆ సంబరం మధ్యాహ్నం దాకానే. షాపులో అమ్మాయి ఎక్కడికో ఫోన్ చేసి, ఈ కార్డు చెల్లదంది. క్యూలో అందరి ముందూ.

బ్యాంకుకి ఫోన్ చేశాను. కార్డు పోయిందని నేనే ఫోన్ చేశానట. అడ్రస్ మార్చమన్నానట. కొత్త కార్డు పంపారట, దాన్ని వాడుతున్నారు కూడా. "నేను కాదు" అంటే వినదే ఆవిడ — "పుట్టినతేదీ, మీ అమ్మగారి పుట్టింటి పేరు కరెక్ట్‌గా చెప్పారు మేడమ్."

కొత్త అడ్రస్ చదివింది. జెర్సీ సిటీ... సరళ వాళ్ళ అపార్ట్‌మెంట్. మొన్న జూన్‌లో ఆ మెట్ల మీదుగా వాళ్ళ బియ్యం బస్తా మోసింది నేనే.

అక్టోబర్ 16
అమ్మ పుట్టింటి పేరు ఈ దేశంలో రహస్యమట! మనవాళ్ళు ఇద్దరు కలిస్తే ముందు అడిగేదే అది. సరళ కూడా అడిగింది, పరిచయమైన రోజునే, నా వంటింట్లో నిలబడి. "మా పిన్ని అత్తగారూ ఆ ఇంటి ఆడపడుచే!" అంటూ చేతులు పట్టేసుకుంది. ఆ రోజు నుంచే అక్కనయ్యాను. పుట్టినరోజంటారా, కేకు చేసిందే తను.

ఒళ్ళు మండిపోతోంది.

అక్టోబర్ 17
ముద్ద దిగడం లేదు. "ఇందులో ఆలోచించేదేముంది? పోలీస్ రిపోర్ట్ ఇచ్చేయ్," అంటారు ఈయన. వాళ్ళకింకా గ్రీన్ కార్డు రాలేదు. చిన్న పిల్లలు... ఇదంతా నేనెందుకు ఆలోచించాలి? తను ఆలోచించిందా?

అక్టోబర్ 18
సరళకి ఫోన్ చేశాను. బుకాయిస్తుందనుకున్నాను. లేదు. వాళ్ళాయన ఉద్యోగం పోయిందట, ఎవరికీ చెప్పలేదట. ఇంట్లోకి హీటర్, పిల్లలకి బూట్లు కొందట.

"నీకు పోయేదేముంది అక్కా, బ్యాంకే భరిస్తుంది కదా."

"నోరు తెరిచి అడిగితే నేను ఇవ్వనా?"

"ఇస్తావు. ఇచ్చి అందరికీ చెప్తావు."

ఫోన్ పెట్టేసింది. దొంగతనం తనది, మాట పడేది నేనా! సొంత చెల్లెలి కంటే ఎక్కువ అనుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అక్టోబర్ 19
బ్యాంకావిడ ఫోన్. కార్డు నేనే వాడుకోమన్నానంటే బిల్లు నా నెత్తిన, కేసు ఉండదు. కాదంటే పోలీసులు. సోమవారం చెప్తానన్నాను.

అక్టోబర్ 21, ఆదివారం
లత వాళ్ళింట్లో దీపావళి పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకుని. సరళ రాలేదు. ఎవరితోనూ ఒక్క మాట అనకూడదనుకునే వెళ్ళాను. లత గారెలు వేస్తూ, "మీ సరళ రాలేదేం? ఒంట్లో బాలేదా?" అంది. మీ సరళ!

ఆ వాయి దిగేలోపు అంతా చెప్పేశాను. వాళ్ళాయన ఉద్యోగం సంగతితో సహా.

భోజనాలయ్యేసరికి ఇంట్లో అందరి నోటా అదే. ఎవరో వచ్చి నా భుజం తట్టారు. మనసు తేలికపడుతుందనుకున్నాను... పడలేదు.

రేపు పొద్దున్నే బ్యాంకావిడ ఫోన్. ఆవిడకి మాత్రం ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.