మైలబట్టలు

కోదాడ,
1949, ఫిబ్రవరి

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి మరదలు దుర్గమ్మను బావ మంగయ్య దీవించి వ్రాయునది. ఇక్కడ నేను, మన కిరాణా కొట్టు, మీ అక్క లచ్చమ్మ, ఆమె నడుంనొప్పి, అందరం యథాప్రకారం ఉన్నాము. అక్కడి క్షేమం తెలుపగలవు.

ముందొక మాట. ఉత్తరం పైన ఎవరికి ఏమని రాయాలో తెలిసినవాణ్ణి ఈ కోదాడ మొత్తానికి నేనొక్కణ్ణే. పంతులుగారి బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న మర్యాద. పోయినసారి నువ్వు ఉత్తగా "మంగయ్య బావకు" అని మొదలుపెట్టావు. అరుగు మీద నుంచి కేకేసినట్టుంది. నా తమ్ముడు ఉప్పలయ్య నీకు అక్షరాలు నేర్పాడు గాని మర్యాద నేర్పలేదు. వాడికుంటే కదా.

ఇక అసలు సంగతి. నీ మొగుడు కమ్యూనిస్టుల సంఘంలో కలిసి ఇల్లు విడిచాడని, మీ సూర్యాపేట క్యాంపు మిలిట్రీవాళ్లు వాడికోసం వెతుకుతున్నారని విన్నాను. మనిషి దొరక్కపోతే పెట్టె తెరుస్తారట. పెట్టెలో బట్టలు చూసి ఇంట్లోవాళ్లను తీసుకుపోతారట. కాబట్టి వాడి బట్టల్లో ఏది ఉంచాలో ఏది ఇచ్చెయ్యాలో వెంటనే తేల్చు. ఎర్ర రుమాలు పొయ్యిలో పెట్టు. ఖాకీ నిక్కరు ఉంచకు. రజాకారువని ఒకడంటాడు, దళమని ఇంకొకడంటాడు, రెండూ కాదంటే ఇద్దరూ కొడతారు. కచ్చేరీలో కొలువు చేసినప్పటి నల్ల షేర్వాణీ కనబడితే నిజాం మనిషంటారు. ఖద్దరు అంగీ మాత్రం ఉంచు. నిరుడు ఆ అంగీ తొడుక్కున్నందుకే వాడి వీపు వాచింది, ఇప్పుడు అదే దిక్కయింది. ఒక్క మనిషి పెట్టెలో ఇన్ని రాజ్యాల గుడ్డలేమిటమ్మా!

మీ ఊరు వచ్చే మనిషి దొరికాడు గనుక ఇంత విప్పి రాశాను. చదివి చించెయ్యి.

ఇట్లు,
నీ మేలు కోరే బావ,
మంగయ్య

తా.క. ఇచ్చేముందు బొత్తాలు కోసి దాచు. మన కొట్టులో అమ్ముడుపోతాయి.

సూర్యాపేట

పెద్దలు, పూజ్యులు, అన్నీ తెలిసిన మా బావ మంగయ్యకు దుర్గమ్మ దండం పెట్టి రాసేది. ఈసారి అరుగు మీద నుంచి కేకేసినట్టు లేదనుకుంట.

కోదాడ పోయే మనిషి దొరకలే. పోస్టుల వేస్తున్న. అందుకని కొన్ని మాటలు మీరే అర్థం చేసుకోవాలె.

మీరు చెప్పిన మిరపకాయ రంగుది పొయ్యిల పెట్టిన. కాలుతుంటే కండ్లెంబడి నీళ్లొచ్చినయ్. పొగకే. మట్టిరంగుది తండా భద్రుకు ఇస్తే "నన్ను సంపుదామని సూస్తున్నవా అక్కా" అని గోడ మీద నుంచి నా వాకిట్లకే ఇసిరిండు. నేను పక్క పెరట్లకు ఇసిరిన. వాళ్లు అవతలి పెరట్లకు ఇసిరిండ్రు. ఇప్పుడు ఎవరింట్ల ఉన్నదో ఎవరికీ తెల్వది. నల్లది ఎవరూ తీసుకోకపోతే పిట్టలు బెదరాలెనని చేన్ల కట్టెకు తొడిగిన. క్యాంపోళ్లు దాన్ని సూసి చేతులు లేపుమన్నరట. అది ముందే చేతులు చాపి ఉండె కాబట్టి బతికిపోయింది.

మిగిలిన మైలబట్టలన్నీ చాకలి పిచ్చయ్యకు వేసేసిన. ఇంట్ల ఇగ మీ తమ్ముని గుడ్డపేలిక లేదు. సోదాకు వచ్చినోళ్లు ఉత్త పెట్టె సూసి పోయిండ్రు. మీ తమ్ముని సంగతి ఇంతకన్న రాయరాదు. నేను ధైర్యంగనే ఉన్న, మీరు గూడ ఉండున్రి.

ఇట్లు,
దుర్గమ్మ

తా.క. బొత్తాలు కోసిన. అన్నీ మీ తమ్ముని లెక్కనే, ఒకదానికొకటి పొత్తు లేదు.

కోదాడ

గంగాభాగీరథీ సమానురాలైన దుర్గమ్మకు బావ మంగయ్య కన్నీళ్లతో వ్రాయునది.

భర్త పోయిన ఇల్లాలికి ఉత్తరం పైన ఇట్లాగే రాయాలి. రాయబోతే చెయ్యి ఆగింది. అయినా మర్యాద తప్పకూడదని రాశాను.

నీ ఉత్తరం కొట్టులో కూర్చుని చదివాను. మిరపకాయ రంగు దగ్గర నవ్వాను కూడా. "మైలబట్టలు చాకలికి వేసేసిన" అన్న మాట దగ్గరికి రాగానే ఉప్పు బస్తా మీద కూలబడ్డాను. పోస్టులో రాయలేక ఎంత పొందికగా కబురు చెప్పావు తల్లీ! ధైర్యంగా ఉన్నానని కూడా రాశావు. వాణ్ణి నేను ఎత్తుకుని పెంచాను దుర్గమ్మా. కోపం వచ్చినప్పుడల్లా తిట్టానే గాని, వాడు లేని రోజు ఒకటి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

తలా మీసం తీయించాను. దినం ఇక్కడే చేశాను. శవం లేని చావు కదా, నలుగురికీ తెలియాలని మా క్యాంపు హవల్దారును కూడా భోజనానికి పిలిచాను. అతను "ఉప్పలయ్య మర్ గయా?" అని మళ్లీ మళ్లీ అడిగి కాయితం మీద రాసుకున్నాడు. ఆ తర్వాత పప్పు మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. దుఃఖం మనది కానప్పుడు ఆకలి బాగానే వేస్తుంది.

ఇక నీ బట్టల సంగతి. రంగు చీరలన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యి. తెల్లవి పంపుతున్నాను. నేతలో మంచివే, నాలుగు కాలాలు మన్నుతాయి.

ఇట్లు,
దురదృష్టవంతుడు,
మంగయ్య

తా.క. ఆ కనకాంబరం రంగు చీర ఊళ్లోవాళ్ల పాలు చెయ్యవద్దని, నీ గుర్తుగా తనే కట్టుకుంటానని మీ అక్క లచ్చమ్మ ఏడుస్తూ రాయమంది.

సూర్యాపేట

బావా!

అవును, అరుగు మీద నుంచే కేకేస్తున్న. ఇది పోస్టుల వేయలే. కట్టెల బండి తోలే భీమ్లా చేతికిచ్చిన. మంచి మనిషి, నోరు గట్టిది. చదివి కాలబెట్టున్రి.

మీ తమ్ముడు బతికే ఉన్నడు. మైలబట్టలంటే మాసిన బట్టలు! మా సూర్యాపేటల ఉతుకుడుకు వేసేటివన్నీ మైలే. మీ కోదాడల మైలంటే సావొక్కటేనా? మరి మాసినయ్ ఎవరికి వేస్తరు, కట్టుకొనే తిరుగుతరా?

మీ ఉత్తరం మీది మొదటి మాట సూసి తాళి తడుముకున్న. నిజంగనే పోయిండేమో, నాకన్న ముందు మీకు తెలిసిందేమో అనుకొని నేలన కూసున్న. పప్పు సంగతి దాక చదివితే గాని ఇది మీ నిర్వాకమని అర్థం కాలే. అంత భయం నా బతుకుల పడలే బావా, మీకు దండం పెడత, గిట్ల మల్లెప్పుడూ రాయకున్రి.

మీ తెల్లచీరలు ఇంకా మూట విప్పకముందే క్యాంపోళ్లు వచ్చిండ్రు. కోదాడ నుంచి కబురొచ్చిందట. "నీ మొగని పేరు కొట్టేసినం, ఇగ రాము" అని చెప్పి పోయిండ్రు. వాళ్ల ఎనుకనే వాడకట్టు ఆడోళ్లంత వచ్చి నా మీద పడి శోకం పెట్టిండ్రు. నేను కనకాంబరం చీర కట్టుకొని జొన్నలు దంచుతున్న. ఏమనాలె? రోకలి ఆపకుండ దంచుతనే ఉన్న. పాపం దుఃఖంతోని పిచ్చిదైందన్నరు.

ఇగ చాకలి పిచ్చయ్య బట్టలు ఇయ్యనంటున్నడు. సచ్చినోని బట్టలు చాకలి హక్కట. "బతికున్నప్పుడు వేసిన కదా" అంటే "వేసినప్పుడు మైలనే అక్కా, సచ్చినంక నాదైంది" అంటున్నడు. గట్టిగ అడగరాదు, అడిగితే అనుమానం. ఆ ఖద్దరు అంగీ తొడుక్కొని తిరుగుతున్నడు. బజార్ల ఎనుక నుంచి సూసి మీ తమ్ముడే అనుకొని పిలవబోయిన.

మీ తమ్మునికి కబురు పంపిన. "అన్న నాకు పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి చేసిన మేలు ఇదొక్కటే. నన్ను సావనియ్యి" అని చెప్పి పంపిండు. మీరేమంటరు? అబద్ధమని తెలిస్తే ముందు మిమ్ముల, తర్వాత నన్ను తీస్కపోతరు.

ఇట్లు,
దుర్గమ్మ

తా.క. అక్కకు చెప్పున్రి, చీర ఇంకా నా ఒంటి మీదనే ఉన్నదని.

కోదాడ

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, సౌభాగ్యవతి, సౌభాగ్యవతి దుర్గమ్మకు. దోషం పోవాలని మూడుసార్లు రాశాను.

వాడు బతికున్నాడని చదివి కొట్టు తలుపులు మూసుకుని నవ్వాను. తర్వాత నేను చేసింది తలుచుకుని తల బాదుకున్నాను. లచ్చమ్మ చూసి నా దుఃఖం ఇంకా తీరలేదనుకుంది. ఆమెకు చెప్పలేదు. ఆమెకు చెప్పడమూ బజారులో దండోరా వేయించడమూ ఒకటే.

మైల సంగతి ఒప్పుకుంటాను. నువ్వు మాసిన బట్టలని రాసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. అయినా ఆలోచిస్తే వాడన్నదే నిజం. చచ్చినవాణ్ణి ఎవరూ వెతకరు. వాడు చచ్చే ఉండాలి. మిర్యాలగూడ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే అవతల గుంటూరు జిల్లా. అక్కడ పొగాకు బేరం చేసే నా స్నేహితుడొకడు పని ఇస్తానన్నాడు. వాడు కుదురుకున్నాక నువ్వు పోదువు. అక్కడ మీరెవరో ఎవరికీ తెలియదు. బొట్టు పెట్టుకో, గాజులు వేసుకో, కాపురం చేసుకో. అప్పటిదాకా నువ్వు ముండవే. తిట్టడం లేదమ్మా, ఏర్పాటు చెబుతున్నాను.

చీరలు నలుగురూ చూస్తుండగా ఇచ్చెయ్యి. రేవు దాటాక కట్టుకోవడానికి ఒక్కటి ఎక్కడైనా దాచుకో. అది ఏదో నువ్వే తేల్చుకో. ఈ ఒక్కదాంట్లో సలహా చెప్పే మొహం నాకు లేదు.

ఇకనుంచి పోస్టులో గంగాభాగీరథి వస్తుంది. భీమ్లా బండిలో సౌభాగ్యవతి వస్తుంది. పోస్టులో వచ్చినదాన్ని చదివి కంగారుపడకు.

ఇట్లు,
బావ మంగయ్య

తా.క. నా మీసం మళ్లీ మొలుస్తున్నది, ఒక పక్కనే. రెండో పక్క వాడు నది దాటాక మొలుస్తుందేమో.

సూర్యాపేట

బావ మంగయ్యకు, పోస్టుల ఒక తీరు, బండిల ఒక తీరు ఉన్న దుర్గమ్మ రాసేది.

చీరలు ఇచ్చేసిన. ఆకుపచ్చది తండా గౌరీబాయి తీసుకున్నది. కట్టదట, ముక్కలు కోసి లంగకు అద్దాలతోని కుడతదట. పెండ్లిచీర గూడ ఇచ్చేసిన. అందరు నోరు తెరిచిండ్రు. నేను ఉంచుకున్నది పాత నీలం నేతచీర. పెండ్లిచీర కట్టుకొని నేనెప్పుడు పని చేయలే. అవతలికి పోతే పని చేసుకొనే బతకాలె కదా. జొన్నల గుమ్మిల అడుగున పెట్టిన. కనకాంబరం చీర అక్కకు పంపుతున్న, కడుపు మండుతనే పంపుతున్న.

ఇగ మీ తమ్ముడు చేసిన పని వినున్రి. పోయేముందు నన్ను సూడాలెనని గాజులు అమ్మేటోని వేషం వేసిండు! ముఖం నిండ గడ్డం, తలకు కండ్ల దాక దించిన పెద్ద రుమాలు, భుజాన గాజుల మలారం. పట్టపగలు వచ్చి వాకిట్ల నిలబడి "గాజులో" అని అరిచిండు. మొగడు సచ్చిన దాని గడపల గాజులు అమ్మొచ్చిన మొనగాడు ఈయనొక్కడే. పక్కింటి ముసలమ్మ చీపురు తీసుకొని వచ్చింది. వాడకట్టంత కూడింది. "నీకు కండ్లు లేవా, ఆమె బోడిచేతులు కనబడతలేవా" అని నలుదిక్కుల నుంచి తిట్లు. అందరు నా దిక్కు సూస్తున్నరు. నేను గూడ తిట్టిన బావా. "నా మొగడు సచ్చి నేనేడుస్తుంటే గాజులు తెస్తవా, నీ చేతులిరగ" అన్న. ఆయన నా చేతుల దిక్కు, కాళ్ల దిక్కు సూసిండు. మట్టెలు గూడ లేవని అప్పుడే సూసినట్టున్నడు. "తప్పైంది తల్లీ" అని తల వంచుకొని పోయిండు.

తలుపేసుకొని నవ్విన. నవ్వు ఆగినంక శానా సేపు ఏడ్చిన. అసలు ఒక్క మంచి మాట అనలేకపోయిన. అవతలికి పోయినంక అనాలె.

మంగళవారం ఆయన, తోడొచ్చేటోడు మిర్యాలగూడకు చేరతరట, అక్కడి నుంచి రేవుకు. మీరు ఆ దిక్కు పోయి ఒక్కసారి సూసి రాయున్రి. దాటిండని ఒక్క మాట రాస్తే సాలు.

ఇట్లు,
దుర్గమ్మ

తా.క. వేషం వేసిండు గాని చిన్నపిల్ల గాజు, పెద్దామె గాజు తేడా తెల్వది. ముసలమ్మకు చంటిపిల్ల గాజు చూపించిండు. చీపురుదెబ్బ అందుకు గూడ తగిలి ఉంటది.

కోదాడ

దుర్గమ్మా,

భీమ్లా బండిలోనే పంపుతున్నాను. పైన ఏమని రాయాలో తెలియలేదు. ఒక మాట ఇక రాయకూడదు. రెండో మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే ఉత్త పేరు రాశాను.

నూనె డబ్బాలు కావాలని చెప్పి మిర్యాలగూడ పోయాను. బజారులో జనం మూగి ఉన్నారు. వాడపల్లి దారిలో కాల్పులు జరిగాయని, ఇద్దరు దొరికారని చెప్పుకుంటున్నారు. ఇద్దరినీ బండి మీద పడుకోబెట్టారు. ఒకడు మన ఉప్పలయ్య.

మా ఊరి హవల్దారును కూడా ఈ గాలింపుకు పంపినట్టున్నారు, అక్కడే ఉన్నాడు. దారిన పోయేవాళ్లందరినీ పిలిచి మొహాలు చూపిస్తున్నాడు. నన్ను చూసి "సేఠ్, ఇట్ల రా. వీళ్లు ఎవరు, ఎరుకేనా?" అన్నాడు. చూశాను. సరిగ్గా చూడమన్నాడు. సరిగ్గా చూశాను. ఎరగనన్నాను.

తమ్ముడని చెబితే నీ దగ్గరికి వచ్చేవాళ్లు. భీమ్లా దగ్గరికి, వాడికి అన్నం పెట్టిన ఇళ్లకు వచ్చేవాళ్లు. ఇదంతా ఆ నిమిషంలో ఆలోచించి అన్నానని రాసుకుంటే నాకు గొప్పగానే ఉంటుంది. అబద్ధం. భయమేసింది, నోరు ఆ మాట అనేసింది. బతికున్నవాణ్ణి చచ్చాడన్నాను. చచ్చినవాణ్ణి ఎరగనన్నాను. వాడికి నేను చేసిన అన్నతనం ఇంతే.

నా కండ్లలో నీళ్లు చూసి హవల్దారు భుజం తట్టాడు. "నీ తమ్ముడు యాదికి వచ్చిండు గదా" అన్నాడు. అవునన్నాను. దిక్కులేని శవాలు కదా, నా కండువా కప్పుతానంటే సరేనన్నాడు. పుణ్యం వస్తుందన్నాడు. వాళ్లే కాల్చారు. నేను దూరంగా నూనె డబ్బాల పక్కన నిలబడి చూశాను.

లచ్చమ్మకు చెప్పాను. నీ చీర విప్పేసి మడత పెట్టింది. బయటికి వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకుని దొడ్లో కూర్చుంది. ఆమె గురించి ఇంతకుముందు రాసినదానికి సిగ్గుపడుతున్నాను.

మళ్లీ దినం పెట్టడానికి లేదు. పెట్టింది పెట్టినట్టే. నువ్వు కొన్నాళ్లు సూర్యాపేటలోనే ఉండు. నువ్వు మార్చుకోవలసిన బట్ట కూడా ఏమీ లేదమ్మా.

ఇట్లు,
మంగయ్య

తా.క. ఏడువు దుర్గమ్మా, ఆపుకోకు. ఎవరైనా వచ్చి అడిగితే పాత ఏడుపే అని చెప్పు.