నలభై రెండించుల బిళ్ళ

అక్టోబర్ 24, 2023. మంగళవారం

దసరా అయిపోయింది. నిన్న రంపం బిళ్ళకు బొట్టు నేనే పెట్టిన. పోయినేడు గూడ నేనే. తుప్పు మీద కుంకుమ పెడితే ఏది తుప్పో ఏది కుంకుమనో తెలుస్తలేదు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కట్టి, గేటుకు తాళం వేసి వచ్చిన.

ఇయ్యాల ఫారెస్ట్ ఆఫీసు నుంచి నోటీసు. మిల్లు రెండేండ్ల నుంచి బంద్ ఉన్నది, డిసెంబర్ 31 లోపల ఆఫీసర్ల ముందర మొద్దు కోసి చూపెట్టకుంటె లైసెన్స్ క్యాన్సల్. కొత్త లైసెన్సులు ఎవ్వరికీ ఇస్తలేరు. పోతే ఇగ పోయినట్టే.

మా మరిది కృష్ణకాంత్ చౌటుప్పల్ నుంచి ఫోన్ చేసిండు. నోటీసు సంగతి నాకంటె ముందే ఆయనకు తెల్సు. వదినా నువ్వెందుకు పరేషాన్ ఐతవు, మిల్లు జాగ ప్లాట్లు చేద్దాం, నువ్వు హుజూర్‌నగర్ల మీ అన్న ఇంట్ల రాణి తీరు ఉండొచ్చు అన్నడు. మా అన్న ఇంట్ల రాణి ఎవరో మా వదినను అడగాలె.

అక్టోబర్ 25

నిద్ర పట్టలే. నాకు నలభై నాలుగు. పిల్లల్లేరు. మా ఆయన శ్రీశైలం కరోనాల పోయిండు, 2021 మే నెల, హైదరాబాద్ దవాఖానల. మొఖం గూడ చూపియ్యలే. వాళ్ళే కాలవెట్టిన్రు. బూడిద గూడ చేతికి రాలే. ఇంట్ల ఆయన అంగీలు, దువ్వెన, మంచం బట్టలన్ని ఊరోళ్ళ భయానికి అత్త తగులవెట్టింది. దువ్వెనన్న ఉంచితే ఏమైతుండె? నెత్తి నడిమిట్ల రూపాయంత జాగల ఆయనకు వెంట్రుకలు మొలవకపోతుండె, దాన్ని కప్పెట్టనీకె రోజు పది నిమిషాలు దువ్వేటోడు. చిన్నప్పుడు ఎవరో పీకిన్రు అని నవ్వేటోడు. ఎవరని అడిగితే తెల్వదనేటోడు.

ఇప్పుడు ఆయనది అని చెప్పుకోనీకె గీ మిల్లొక్కటే ఉన్నది. దీన్ని ప్లాట్లు చేస్తరట.

అక్టోబర్ 26

కొండమల్లేపల్లికి పోయి ఇస్రాయేలు మిస్త్రిని కలిసిన. మా మామ ఎల్లయ్య కాలం నుంచి ముప్పై ఐదేండ్లు మా మిల్లుల రంపం పట్టినోడు. ఇప్పుడు డెబ్బై రెండు. ఒక కంటికి ఆపరేషన్ ఐంది, ఇంకో కన్ను మొత్తం మబ్బే. నన్ను గొంతుతోని గుర్తువట్టిండు.

అందరు బ్యాండ్ సా పెట్టుకున్నరు, గీ గుండ్రం బిళ్ళ ఎవడు నడుపుతడమ్మా అన్నడు. లైసెన్స్ బిళ్ళ మీదనే ఉన్నదని చెప్పిన. పట్టాల కింద చెక్కలకు చెద పట్టిందా అని అడిగిండు. చూడలే అన్న. పట్టే ఉంటది అని లేచి చెప్పులు ఎతుక్కున్నడు.

నవంబర్ 2

చెద పట్టింది. మొద్దును మోసుకొచ్చే ట్రాలీ పట్టాల మీద ఉరుకుతది గద, ఆ పట్టాల కింద పన్నెండు చెక్కలుంటె తొమ్మిది మట్టే. చేయి పెడితే లోపలికి పోయింది. ఒక దిక్కు దిమ్మె గూడ కుంగింది. మోటర్ ఒక్కటి బాగున్నది, ఎందుకు బాగున్నదో దానికే తెల్వాలె.

ముసలాయన అన్ని తడిమి తడిమి చూసిండు. పట్టా మీద బొటనవేలు పెట్టుకుంట ఈ కొస నుంచి ఆ కొస దాక నడిచిండు. నడిమిట్ల వంగింది అన్నడు. నేను దారం కట్టి చూసిన. నిజంగనే వంగింది.

అత్త బువ్వ తెచ్చి గేటు కాడ పెట్టి పోయింది. లోపలికి రాదు. కొడుకు పోయిన్నాటి నుంచి రాలే.

నవంబర్ 7

బిళ్ళ ఇరుసుకు బేరింగ్ దొరకలే.

నవంబర్ 10

సికింద్రాబాద్ రాణిగంజ్ పోయిన. గీ సైజు బంద్ ఐందని ఐదు దుకాన్లల్ల చెప్పిన్రు. ఆరో దుకానోడు, సార్‌ను పంపియ్యిండ్రి మేడం, మీకు సమజ్ కాదు అన్నడు. సార్ రాడు, బేరింగ్ చూపెట్టు అన్న. ఏం చూసిండో నా మొఖంల, నిచ్చెన వేసుకొని పై అర నుంచి దుమ్ము పట్టిన డబ్బా తీసిండు. రెండే ఉన్నయి. రెండే కావాలె.

బస్సుల ఒళ్ళో పెట్టుకొని వచ్చిన. పక్క సీటామె ఏం తీపి తెస్తున్నవక్కా అని అడిగింది.

నవంబర్ 15

ఇయ్యాల నా మూర్ఖత్వం రాసుకోవాలె.

బిళ్ళ ఇప్పి కిందికి దించినం. నలభై రెండించుల బిళ్ళ, మా ఇంట్ల గిదొక్కటే. తుప్పు మొత్తం గీకిన. సాఫ్ ఐనంక పైన స్కేల్ పెట్టి చూస్తె నడిమిట్ల లోతున్నది, పళ్ళెం తీరు. ముసలాయన అన్నానికి పోయినప్పుడు ఆటోల వేసుకొని లేత్ వర్క్ షాపుకు పోయిన, సాపు చేయించుకొద్దామని. ఎవరినీ అడగకుంట నేను చేసే పనులు గిట్లనే ఉంటయి.

అక్కడ సుత్తె లేపే లోపల ఇస్రాయేలు ఇంకో ఆటోల దిగిండు. అంత కోపం ఆయనకు ఉంటదని నాకు తెల్వదు. ఆ పళ్ళెం తీరు వంకర పెట్టింది నేనే, ఇరవై ఏండ్ల కింద సుత్తెతోని కొట్టి కొట్టి పెట్టిన అన్నడు. నిలవడ్డప్పుడు వంకర ఉంటదట. జోరుగ తిరిగినప్పుడు అంచు సాగి అదే నిటారు ఐతదట. సాపు చేస్తె తిరిగేటప్పుడు పాము తీరు మెలికలు తిరుగుతదట. మీ ఆయనకు గూడ గీ ముచ్చట చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది అన్నడు.

తిట్లు తింటుంటె ఎందుకో మంచిగనిపించింది. రెండేండ్ల నుంచి అందరు నాతోని మెల్లగ మాట్లాడుతున్నరు.

నవంబర్ 22

పట్టాల కింద కొత్త చెక్కలు వేసి, వంగిన పట్టా సాపు చేసి, దిమ్మె లేపి, బిళ్ళ ఎక్కించినం. మూడు దినాలు సుత్తెతోని నడిమిట్ల కొట్టి, చెవి పెట్టి విని, మళ్ళ కొట్టి, బిళ్ళను తయారు చేసిండు. పండ్లకు ఆకురాయి నేను పట్టిన.

ఇగ అలైన్‌మెంట్. బిళ్ళ పట్టాలకు సమానంగ ఉండాలె అనుకున్న. ఉండొద్దట. ముందు పన్ను మొద్దు దిక్కు అర సూత్ మొగ్గాలె, అంటె అంగుళంల పదహారో వంతు. సమానంగ ఉంటె ఎనుక పండ్లు కోసిన చెక్కనే మళ్ళ గీరి బిళ్ళ కాలిపోతదట. ముసలాయనకు స్కేల్ గీతలు కనవడయి. చర్చి క్యాలెండర్ల అయిపోయిన నెల కాగితం చింపి, మడతలు వేసి, సందుల పెట్టి కొలిచిండు. ముందు ఎన్ని మడతలు పడుతున్నయి, ఎనుక ఎన్ని పడుతున్నయి, గదే లెక్క. బోల్టు తిప్పు అంటడు, తిప్పుత. ఎక్కువైంది అంటడు, ఎనుకకు తిప్పుత. పొద్దు కుంకే దాక గిదే పని. నా చేతులు పొంగినయి.

నవంబర్ 30

ఓటేసి వచ్చిన. ఫారెస్ట్ సార్లందరు ఎలక్షన్ డ్యూటీల ఉన్నరు. ఇన్‌స్పెక్షన్ డిసెంబర్ 18 అన్నరు.

డిసెంబర్ 6

నడిచింది!

తుమ్మ కట్టె ఒకటి కోసినం. మోటర్ ఆన్ చేస్తె ముందు బిళ్ళ జర ఊగింది. జోరందుకున్నంక ఊగుడు పోయి గీత తీరు నిలవడ్డది. ముసలాయన కండ్లు మూసుకొని చప్పుడు విన్నడు. ఆ, గిదే గిదే అన్నడు. నేను ట్రాలీ నూకిన. పలక ఈ కొస నుంచి ఆ కొస దాక ఒక్క తీరు. పొట్టు వాసన. ఆ వాసన మా ఆయన అంగీలకు ఉంటుండె. అక్కడనే పొట్టు మీద కూసొని ఏడ్చిన. ముసలాయన చూడనట్టే చేసిండు, ఆయనకు నిజంగనే కనవడదేమో.

డిసెంబర్ 9

ఇన్‌స్పెక్షన్‌కు తుమ్మ కట్టెలు పనికిరావట. రెండడుగుల లావు మొద్దు కావాలె, దానికి చెట్టు పర్మిషన్ కాగితం ఉండాలె. మొద్దు నాకెవరిస్తరు? అందరు అవతలి మిల్లుకే పోతున్నరు. మా చెల్క గట్టు మీద చింతచెట్టు జూన్ల గాలివానకు పడ్డది. కాగితం అప్పుడే తీసిపెట్టిన. గదే కోద్దాం అన్న.

అత్త ఆ చింత ముట్టకు అన్నది. ఎందుకు అంటె వద్దు అంటె వద్దు అన్నది. మళ్ళ అడిగిన. నోరు తెరవది. కారణం లేకుంట ఎందుకు వద్దంటవ్, ఆ చిన్న కొడుకు ఏమన్న నూరిపోసిండా, మిల్లు పోతే నీకేమొస్తది అని ఎంత మాటొస్తె అంత అన్న. కొంగు నోట్ల కుక్కుకొని అవతలికి పోయింది. పోతే పోనీ. ఈ ఇంట్ల నా దిక్కు ఉండేటోడు ఒక్కడుండె, ఆయన లేడు.

డిసెంబర్ 17. మాపటికి

మొద్దు వచ్చింది. ట్రాక్టర్ల తెచ్చి ట్రాలీ మీదికి ఎక్కించినం. ఇస్రాయేలు గొడ్డలి ఎనుక దిక్కుతోని మొద్దు చుట్టూ కొట్టి చూసిండు. చప్పుడుల ఏం తేడా లేదన్నడు.

మా మామ పెట్టిన పద్ధతి ఒకటున్నది. చెట్టు ఎవరిదో వాళ్ళు మొద్దు మీద చేయి పెట్టి ఇనుము లేదని చెప్పాలె. చెప్పినంకనే కోత. తీగలు కట్టిన చెట్లుంటయి, గొలుసులు మింగిన చెట్లుంటయి. ముసలాయన నన్ను గూడ అడిగిండు. ఇంట్లోళ్ళమే గద అన్న. ఎల్లయ్య పటేల్ ఆయన చెట్టుకు గూడ ఇంట్ల అడిగొచ్చి చెప్పేటోడమ్మా అన్నడు. అత్తతోని ఎనిమిది దినాల నుంచి మాటల్లేవు.

చేయి పెట్టిన. లేదు అన్న.

డిసెంబర్ 18. పొద్దుగాల 6

బిళ్ళకు బొట్టు పెట్టిన. ఇయ్యాల కుంకుమ మంచిగ కనవడుతున్నది.

డిసెంబర్ 18. మధ్యాహ్నం 3

అయిపోయింది.

ముగ్గురు సార్లు వచ్చిన్రు. కృష్ణకాంత్ గూడ కారేసుకొని వచ్చిండు, తమాషా చూడనీకె. మొదటి కోత నెయ్యిల కత్తి దిగినట్టు దిగింది. పెద్ద సార్ తల గూడ ఊపిండు. రెండో కోత సగం కాడ ఒక అరుపు, ఇనుముదో నాదో తెల్వదు. ఒక పన్ను ఎగిరి పైన రేకును తొల్చుకొని పోయింది. ముసలాయన చూపు లేకున్నా ఒక్క దుముకుల స్విచ్ కొట్టిండు. బిళ్ళ ఆగేటాల్లకు పదకొండు పండ్లు లేవు. అంచు నుంచి నడిమి దాక జానెడు పగులు.

ఒక కోత ఐతే ఐంది గద సార్ అన్న. మిషన్ ఇప్పుడు నడుస్తదా అని అడిగిండు. చెడ్డోడు కాదు, మెల్లగనే అడిగిండు. చాయ్ తాగి, రాసుకొని పోయిన్రు. కృష్ణకాంత్ గూడ కారెక్కి పోయిండు. ఏమన్న అంటె కొట్టేదాన్ని.

ఇస్రాయేలు పగులు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాక తడిమిండు. గిది ఇగ అతుకదు అన్నడు. సుత్తెను గుడ్డల చుట్టి సంచిల పెట్టుకున్నడు. ఇనుముందా అని అడిగిన గదమ్మా అని ఒక్క మాటనలే. అన్నా బాగుండు.

డిసెంబర్ 19

పొద్దుగాలనే గొడ్డలి తీసుకొని పోయి కోత ఆగిన కాడ పలగ్గొట్టిన. ఎవడు కొట్టిండో ఆ ఇనుము, చూడాలె అనుకున్న. జానెడు లోపల దొరికింది. కమ్మరి కొలిమిల కొట్టిన మేకు, నాలుగు పలకల మేకు. చుట్టూ కట్టె సిరా పోసినట్టు నల్లగైంది. మేకుకు దారం తీరు ఏదో చుట్టి ఉన్నది.

దారం కాదు. వెంట్రుకలు.

ఎనుక అత్త నిలవడి ఉన్నది. రెండున్నరేండ్లకు మిల్లు గేటు దాటింది. మేకు చూసి పొట్టు మీద కూలవడ్డది.

శ్రీశైలంకు ఏడేండ్లప్పుడు మూర్ఛలొచ్చేటివట. దవాఖానలు తిరిగి తిరిగి, దిండి దిక్కు ఒక మంత్రగాన్ని పిలిపించిన్రట. వాడు పిలగాని నడినెత్తి నుంచి వెంట్రుకలు పీకి, మేకుకు చుట్టి, గీ చింతకు కొట్టిండట. పట్టిన గాలిని కట్టేసిన, మేకు ముచ్చట పానం పోయినా ఎవరికీ చెప్పొద్దు, చెప్తే విడుస్తది, మళ్ళ పిలగాన్ని పట్టుకుంటది అన్నడట. మామకు గూడ చెప్పలేదట. తర్వాత మూర్ఛలు రాలే. నలభై మూడేండ్లు నోట్ల పెట్టుకున్నది.

ఆయనే లేడు గద అత్తా, ఇగ చెప్తే ఏమైతుండె అని మొత్తుకున్న. మట్టి గూడ కానోడు, బూడిద గూడ రానోడు, యాడ తిరుగుతుండో ఏమో, అక్కడ గూడ పట్టుకుంటదేమోనని భయమైంది బిడ్డా అన్నది.

మొన్న నేనన్న మాటలు యాదికొచ్చినయి.

డిసెంబర్ 25

ఇస్రాయేలు ఇంటికి పోయిన. చర్చికి పోయొచ్చి కూసొని ఉన్నడు. కేకు పెట్టిన్రు. మేకు సంగతి చెప్దామనుకున్న. చెప్పలే. తప్పు నాదే అన్న. గాయన నా చేయి పట్టుకొని బొబ్బలు తడిమిండు. రంపం చెయ్యి ఐందమ్మా, పని చేతికి వచ్చే వరకు మిల్లు పోయింది అన్నడు.

డిసెంబర్ 31

లైసెన్స్ పోయింది. మోటర్ ఇప్పుకపోనీకె రేపు వస్తరట. కృష్ణకాంత్ పట్టాలు గూడ పీకియ్యమన్నడు.

జనవరి 9, 2024

జాగ చదును చేస్తున్నరు. అన్న ఫోన్ చేసిండు, ఎప్పుడొస్తవని.

మేకు యాడ పెట్టినవని అత్త రోజు అడుగుతాంది. ఇంకో చెట్టుకు కొట్టాలెనట. వెంట్రుకలు లెక్కవెట్టిన, పద్నాలుగు. ఇంక నల్లగనే ఉన్నయి.

చెప్పలే. చెప్తే విడుస్తదంట గద.